శిక్షానంతర జీవితం – గౌరవస్థానం: లైంగిక నేరస్థుల క్రీడారంగ పునరాగమనంపై ఒక నైతిక పరిశీలన

ప్రవేశిక

2024 జూలై 28న పారిస్‌లో, ఈఫిల్ టవర్ పక్కన నిర్మించిన తాత్కాలిక క్రీడాంగణంలో, నెదర్లాండ్స్ బీచ్ వాలీబాల్ జట్టు తన తొలి ఒలింపిక్ మ్యాచ్ ఆడింది. ఇద్దరు సభ్యుల ఆ జట్టులో ఒకరైన స్టీవెన్ వాన్ డె వెల్డె పేరు ప్రకటించినప్పుడు చప్పట్లతోపాటు నిరసన కేకలు కూడా వినిపించాయి. 2014లో, పంతొమ్మిదేళ్ల వయసులో, అతడు ఇంగ్లండ్ వెళ్లి పన్నెండేళ్ల బాలికపై అత్యాచారానికి పాల్పడ్డాడు. 2016లో న్యాయస్థానంలో నేరం ఒప్పుకున్నాడు. నాలుగేళ్ల జైలుశిక్ష పడింది. తరువాత అతడిని స్వదేశానికి బదిలీ చేసి, శిక్షను డచ్ చట్టానికి అనుగుణంగా సవరించడంతో మొత్తం మీద ఏడాదికి కొంచెం పైగా నిర్బంధంలో ఉండి 2017లో విడుదలయ్యాడు. ఆ ఏడాదే ఆటలోకి తిరిగి వచ్చాడు. దేశం తరఫున ఒలింపిక్స్‌లో ఆడాలన్న అతడి ఆశ ఇక భగ్నమైన కలేనని శిక్ష విధించిన న్యాయమూర్తి అప్పట్లో వ్యాఖ్యానించాడు. ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఆ కల ఫలించింది.

ఈ ఎంపికపై రెండు వాదాలు బలంగా వినిపించాయి. శిక్ష అనుభవించినవాడిని జీవితాంతం శిక్షిస్తూ పోవడం నాగరిక న్యాయం కాదన్నది ఒకటి. పసిపిల్లపై అత్యాచారం చేసినవాడికి ప్రపంచ వేదికపై దేశం పేరు కట్టబెట్టడం బాధితులందరినీ అవమానించడమేనన్నది రెండోది. రెండింటిలోనూ సత్యం ఉంది. అందుకే ఏ ఒక్కదాన్నో ఎంచుకుని రెండోదాన్ని తోసిపుచ్చడం వల్ల సమస్య తేలదు. ఈ రెండు వాదాలూ ఒకే ప్రశ్నకు చెబుతున్న రెండు సమాధానాలు కావనీ, రెండు వేర్వేరు ప్రశ్నలకు చెబుతున్న సమాధానాలనీ నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాపనివృత్తి, వ్యవహార్యత

నేరానికి శిక్ష ముగిశాక నేరస్థుడి స్థానం ఏమిటన్న ప్రశ్న మన ధర్మశాస్త్ర సంప్రదాయానికి కొత్తది కాదు. విజ్ఞానేశ్వరుడి మితాక్షరను కేతన 13వ శతాబ్దిలో ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలుగా సాగే ఆ విభజనలోనే ఒక వివేకం ఉంది. తగవు తీర్చి దండన విధించే ప్రకరణం ఒకటి. చేసిన తప్పును కడుక్కునే ప్రకరణం మరొకటి. రాజదండనతోనే అంతా ముగిసిపోతుందని ఆ సంప్రదాయం భావించలేదు.

మితాక్షరకు మూలమైన యాజ్ఞవల్క్య స్మృతిలోని ప్రాయశ్చిత్తాధ్యాయంలో ఈ చర్చకు నేరుగా పనికివచ్చే శ్లోకం ఒకటి ఉంది. తెలియక చేసిన పాపం ప్రాయశ్చిత్తంతో తొలగిపోతుందని దాని పూర్వార్ధం చెబుతుంది. తెలిసి చేసినవాడి సంగతి ఉత్తరార్ధంలో వస్తుంది. అక్కడ పాఠాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే అతడు ‘వ్యవహార్యుడు’ అవుతాడు, అంటే నలుగురితో కలిసి మెలగడానికి అర్హుడవుతాడు. సంధిలో ఒక అకారం లోపించిందనుకుని చదివితే ‘అవ్యవహార్యుడు’ అవుతాడు. ఒక్క అక్షరం ఉందో లేదో అన్నదాని మీద ఒక మనిషి సామాజిక జీవితం ఆధారపడింది. విజ్ఞానేశ్వరుడు మొదటి పాఠం వైపే నిలిచాడు. పాపానికి నరకాన్ని కలిగించే శక్తి, వ్యవహారాన్ని నిరోధించే శక్తి అని రెండు శక్తులున్నాయనీ, బుద్ధిపూర్వకంగా చేసిన పాపంలో మొదటి శక్తి తొలగకపోయినా రెండోదాన్ని ప్రాయశ్చిత్తం తొలగించగలదనీ వివరించాడు. అయితే అదే అధ్యాయం మరోచోట ఒక మినహాయింపు చెబుతుంది. శరణు కోరినవారిని, పిల్లలను, స్త్రీలను హింసించినవారితోనూ, చేసిన మేలు మరచినవారితోనూ, వారు వ్రతం పూర్తిచేసినా సహవాసం కూడదంటుంది. మనుస్మృతిలోనూ ఇటువంటి నియమమే ఉంది.

వర్ణాన్ని బట్టి దండనను, ప్రాయశ్చిత్తాన్ని హెచ్చించి తగ్గించిన ఆ గ్రంథాలను నేటి న్యాయానికి ప్రమాణంగా తీసుకోలేం. తీసుకోదగినది వాటిలోని ఒక విచక్షణ మాత్రమే. దోషం తీరడం వేరు, సమాజంలో కలవడం వేరు. ఒకటి జరిగితే రెండోది తనంతట తాను జరగదు; ఒకటి జరగనంత మాత్రాన రెండోదాన్ని నిరాకరించనవసరమూ లేదు. దీనికి నేటి పరిస్థితి మూడో అంశాన్ని చేర్చుతోంది. సమాజంలో కలవడం వేరు, సమాజం చేత కీర్తింపబడే స్థానంలో నిలవడం వేరు. కాబట్టి శిక్షావిముక్తి, జీవనాధికారం, గౌరవస్థానం అనే మూడు మెట్లను విడివిడిగా చూడాలి.

మొదటిది చట్టం ఇచ్చేది. రెండోది మనిషిగా ఉన్నందుకు దక్కవలసినది. జైలు నుంచి వచ్చినవాడికి ఇల్లు, పని, తోటి మనుషులు లేకుండా చేయడం అతడిని మళ్లీ నేరంవైపు నెట్టడమే. పైగా, ‘వెలి’ అనే ఆయుధం మన గ్రామాల్లో చారిత్రకంగా బలహీనుల మీద పడ్డంత సులువుగా బలవంతుల మీద పడలేదు. అటువంటి ఆయుధాన్ని ఈనాడు సత్సంకల్పంతోనైనా తిరిగి చేతబట్టేముందు వెనకాడాలి. మూడోది మాత్రం హక్కు కాదు. అది ఇతరులు ఇచ్చేది. ఎవరు, ఏ అధికారంతో ఇస్తున్నారన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

క్రీడావృత్తి స్వభావం

శిక్ష ముగించుకున్న వడ్రంగి మళ్లీ ఉలి పట్టుకుంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు, మరి క్రీడాకారుడికి మాత్రం ఎందుకీ నియమం అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. సమాధానం ఆ వృత్తుల స్వభావంలోనే ఉంది. వడ్రంగి చేసిన కుర్చీలో కూర్చునేవాడు వడ్రంగిని పొగడనక్కరలేదు, అతడి పేరు కూడా తెలియనక్కరలేదు. ఉన్నతస్థాయి క్రీడ అలా కాదు. అక్కడ తయారై అమ్ముడయ్యే వస్తువే కీర్తి. టికెట్టు కొన్న ప్రేక్షకుడు, ప్రసార హక్కులు కొన్న సంస్థ, బొమ్మ వేసుకున్న వ్యాపార సంస్థ – అందరూ కొంటున్నది ఆ మనిషి పట్ల జనానికున్న అభిమానాన్నే.

రచయిత జీవితాన్నీ రచననూ వేరుచేసి చూడవచ్చా అన్న చర్చ సాహిత్య విద్యార్థులకు పరిచితం. వేరుచేయవచ్చనేవారికి కనీసం ఒక ఆధారం ఉంది: రచన కాగితం మీద, రచయితకు వెలుపల నిలిచి ఉంటుంది. క్రీడలో ఆ వెసులుబాటు లేదు. ఆటగాడి శరీరమే అతడి కృతి. ఆ శరీరం చేసే పనిని మెచ్చుకుంటూ ఆ శరీరం చేసిన నేరాన్ని పక్కనపెట్టమనడం ప్రేక్షకుడి మీద మోపే బరువు. లైంగిక నేరం విషయంలో ఆ బరువు మరింత పెరుగుతుంది. శరీరబలాన్ని కీర్తించే రంగంలో, మరొకరి శరీరంపై బలప్రయోగం చేసిన వ్యక్తిని నిలబెడుతున్నామన్న స్పృహ నుంచి ప్రేక్షకుడు తప్పించుకోలేడు.

ఈ తేడాను మన చట్టమూ మరోచోట గుర్తించింది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ ప్రకారం, రెండేళ్లకు తక్కువ కాని జైలుశిక్ష పడిన వ్యక్తి విడుదలయ్యాక మరో ఆరేళ్లపాటు చట్టసభలకు పోటీ చేయలేడు. అతడు వ్యాపారం చేసుకోవచ్చు, ఉద్యోగం వెతుక్కోవచ్చు. ప్రజల పేరున నిలబడే స్థానానికి మాత్రం ఆగాలి. ఆ ఆగడం శాశ్వతమూ కాదు. జీవనోపాధికీ ప్రాతినిధ్యానికీ మధ్య గీత గీయడం అసాధ్యమేమీ కాదని ఇది చూపుతోంది. దేశం పేరున్న దుస్తులు ధరించి ఆడటం శాసనసభ్యత్వం కాకపోయినా ప్రాతినిధ్యమే.

సహస్రాక్షుడి కథ

గౌరవస్థానాన్ని తిరిగి ఇవ్వడంలో వ్యాపారం ఎంత వేగంగా కదులుతుందో తెలియడానికి మైక్ టైసన్ ఉదంతం చాలు. 1992 ఫిబ్రవరిలో ఇండియానాపోలిస్‌లో అత్యాచార నేరం రుజువై ఆరేళ్ల జైలుశిక్ష పడింది. తాను నేరం చేయలేదనే అతడు నేటికీ అంటాడు. మూడేళ్లు గడిపి 1995 మార్చి 25న విడుదలయ్యాడు. ఆగస్టు 19న లాస్ వేగాస్‌లో మళ్లీ బరిలోకి దిగాడు. ప్రత్యర్థి పీటర్ మెక్‌నీలీ రెండు నిమిషాలైనా నిలవలేదు. అయినా ఆ పోటీ కోట్ల డాలర్ల వ్యాపారం చేసింది. మరుసటి ఏడాదే టైసన్ మళ్లీ హెవీవెయిట్ ప్రపంచ విజేత. 2011లో అంతర్జాతీయ బాక్సింగ్ కీర్తిమందిరంలో చోటు. 2024 నవంబరులో, యాభై ఎనిమిదేళ్ల వయసులో, కోట్లమంది చూస్తుండగా మరో పోటీ. విడుదలకూ తొలి పోటీకీ మధ్య గడిచినవి ఐదు నెలలు. పశ్చాత్తాపాన్ని గానీ మార్పును గానీ ఎవరూ అడగలేదు. జైలుకెళ్లివచ్చిన భయంకరుడన్న పేరే ప్రచారానికి సరుకయింది.

ఈ పరిణామానికి మన పురాణాల్లో ఒక ప్రతిరూపం ఉంది. అహల్యా వృత్తాంతం కావ్యానికో రకంగా మారింది. వాల్మీకంలో ఆమె వచ్చినవాడెవరో ఎరుగును. తరువాతి అనేక కథనాల్లో ఆమె వంచితురాలు. ఎలా చెప్పినా ఒక భాగం మాత్రం మారలేదు. ఇంద్రుడికి శాపం తగిలింది. ఆ శాపచిహ్నాలు కొన్ని కథనాల్లో కన్నులుగా మారి అతడికి ‘సహస్రాక్షుడు’ అన్న బిరుదు తెచ్చాయి. అవమానచిహ్నమే అలంకారమైంది. స్వర్గసింహాసనం అతడిదిగానే ఉండిపోయింది. అహల్య మాత్రం శిలగానో, అదృశ్యగానో దీర్ఘకాలం పడి ఉంది. శాపవిమోచన ఇద్దరికీ లభించిందని చెప్పడం అక్షరసత్యమే గాని, ఇద్దరికీ న్యాయం జరిగిందని చెప్పడానికి అది చాలదు. ఆధునిక తెలుగు కథ, కవిత్వం అహల్యను మళ్లీ మళ్లీ ప్రశ్నగా ముందుకు తెస్తున్నది అందుకే.

క్షమించే అధికారం ఎవరిది?

క్రీడాసంస్థలు ఇటువంటి సందర్భాల్లో తరచుగా వాడే మాట ‘రెండో అవకాశం’. ఆ మాటలో ఔదార్యం ధ్వనిస్తుంది. అయితే ఔదార్యం తన సొత్తు వదులుకునేవాడికే చెల్లుతుంది. అప్పు ఇచ్చినవాడు మాఫీ చేస్తే ఔదార్యం. పక్కింటివాడు మాఫీ చేస్తానంటే అది ఔదార్యం కాదు. నేరంలో రెండు రుణాలు ఉంటాయి. రాజ్యానికి చెల్లవలసినది జైలుశిక్షతో తీరుతుంది. బాధితురాలికి చెల్లవలసినది అలా తీరదు, దాన్ని మాఫీ చేసే అధికారం జట్టు యాజమాన్యానికీ అభిమానులకూ లేదు.

ఇక్కడ ఒక విషమస్థితి ఉంది. బాధితురాలి గుర్తింపును వెల్లడించడం ఇంగ్లండ్‌లోనూ నేరం, మన దేశంలో భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారమూ నేరం. ఆమె రక్షణకు ఈ గోప్యత తప్పనిసరి. దాని ఫలితంగా బహిరంగ చర్చలో ఒక్క గొంతే మిగులుతుంది. క్రీడాకారుడికి ముఖం ఉంది, కుటుంబం ఉంది, ఎదురుచూసిన సంవత్సరాల కథ ఉంది. ఆమెకు ముఖం లేదు. జనం సానుభూతి కనిపించేవాడి వైపు ఒరగడం సహజం. ఆ లోటును పూరించే బాధ్యత సంస్థలదే. నిర్ణయానికి ముందు ఆమెకు గోప్యంగా, మూడో పక్షం ద్వారా సమాచారం ఇచ్చి, చెప్పదలచుకుంటే వినాలి. అలాగని నిర్ణయభారాన్ని ఆమె మీద పెట్టకూడదు. ‘నువ్వు ఒప్పుకుంటేనే’ అనడం ఆమెను మళ్లీ అతడి జీవితానికి కట్టివేయడం అవుతుంది.

పారిస్‌లో జరిగిన ఏర్పాట్లు ఈ దృష్టితో చూస్తే అర్థవంతంగా కనిపిస్తాయి. వాన్ డె వెల్డె మళ్లీ నేరం చేసే ప్రమాదం లేదని నిపుణులు తేల్చారని డచ్ ఒలింపిక్ సంఘం చెప్పింది. అతడు చికిత్స, మార్గదర్శనం పొందాడని కూడా చెప్పింది. అయినా అతడు క్రీడాగ్రామంలో కాక వేరేచోట బస చేశాడు. విలేకరులతో మాట్లాడలేదు. ఆగస్టు 4న బ్రెజిల్ చేతిలో ఓడేవరకు అతడు ఆడుతూ కనిపించాడే గాని మాట్లాడుతూ వినిపించలేదు. తోటి క్రీడాకారుల మధ్య ఉంచలేని, ప్రశ్నలకు ఎదురు నిలపలేని వ్యక్తిని దేశ ప్రతినిధిగా నిలపడంలోని వైరుధ్యాన్ని ఆ ఏర్పాట్లే ఒప్పుకున్నాయి. జీవనాధికారం కోసం దాగవలసిన పని లేదు. దాగి స్వీకరించవలసి వచ్చిన గౌరవం ఇంకా పరిపక్వం కాని గౌరవం.

ఆక్షేపణలు

ఈ వాదంపై మూడు ఆక్షేపణలు రావచ్చు. ఇది రెండోసారి శిక్షించడమేనన్నది మొదటిది. గౌరవం దక్కకపోవడం శిక్ష కాదని సమాధానం. అయితే అన్ని ద్వారాలూ మూసివేస్తే అది శిక్షే అవుతుందని ఒప్పుకోవాలి. శిక్షకుడి సహాయకుడిగానో, స్థానిక పోటీల్లోనో, ఆటకు వెలుపలి పనిలోనో బతికే దారి ఉండాలి. అందులోనూ పిల్లలతో పనిచేసే బాధ్యతలు, నేరం పిల్లలపై జరిగినదైతే, మినహాయించాలి.

రెండోది కాలానికి సంబంధించింది. క్రీడాజీవితం చిన్నది, ఐదారేళ్లు ఆగమంటే శాశ్వతంగా వెళ్లమన్నట్టే. ఈ నష్టం నిజమైనది, దాన్ని తేలిక చేయకూడదు. కానీ ఆ కొద్ది సంవత్సరాల విలువను ఎరిగినవాడికి, పన్నెండేళ్ల పిల్లకు బాల్యం కూడా చిన్నదేనన్న సంగతి గుర్తుచేయడం అన్యాయం కాదు.

మూడోది అన్నిటికంటె బరువైనది: న్యాయస్థానాలు పొరబడవచ్చు. వేల్స్ ఫుట్‌బాల్ ఆటగాడు చెడ్ ఎవాన్స్‌కు 2012లో అత్యాచార నేరం కింద ఐదేళ్ల శిక్ష పడింది. 2014లో విడుదలయ్యాక పాత క్లబ్ షెఫీల్డ్ యునైటెడ్ శిక్షణకు అనుమతించి, ప్రజల నిరసనతో వెనక్కు తగ్గింది. ఒలింపిక్ విజేత జెస్సికా ఎనిస్-హిల్, అతడిని తిరిగి తీసుకుంటే స్టేడియంలో తన పేరిట ఉన్న స్టాండ్ నుంచి తన పేరు తీసేయమంది. 2016లో అప్పీలు న్యాయస్థానం తీర్పును రద్దుచేసింది. పునర్విచారణలో అతడు నిర్దోషిగా బయటపడ్డాడు. నేపాల్ క్రికెటర్ సందీప్ లామిఛానేకు 2024 జనవరిలో ఎనిమిదేళ్ల శిక్ష పడగా, మే నెలలో హైకోర్టు అతడిని నిర్దోషిగా ప్రకటించింది. తీర్పు నిలిచి ఉన్నంతవరకే ‘దోషి’ అన్న మాట చెల్లుతుంది. అది పోయిన రోజు ఆ మనిషి స్థానం పూర్తిగా తిరిగి రావాలి. శాశ్వత బహిష్కారాన్ని కాక కాలపరిమితి గల నిరీక్షణను సమర్థించడానికి ఇదొక కారణం. ఎవాన్స్ ఉదంతంలో మరో సంగతి కూడా ఉంది. 2012లో ఫిర్యాదు చేసిన యువతి పేరును సామాజిక మాధ్యమాల్లో బయటపెట్టిన తొమ్మిదిమంది నేరం ఒప్పుకోవలసి వచ్చింది. అభిమానం ఎటువంటి ఆయుధంగా మారగలదో అది చూపింది. క్రీడాకారుడికి తెలిసినా తెలియకపోయినా, అతడి కీర్తికి ఆ శక్తి ఉంది.

పునరాగమనానికి ప్రమాణాలు

పై చర్చ నుంచి నాలుగు ప్రమాణాలు తేలుతాయి. ఒకటి, శిక్ష పూర్తికావడం ఆరంభమే గాని అర్హత కాదు. దేశ ప్రాతినిధ్యానికి, అగ్రశ్రేణి పోటీలకు ముందు నేర తీవ్రతను బట్టి నిర్ణీతమైన నిరీక్షణ ఉండాలి. అది నియమావళిలో ముందుగానే రాసి ఉండాలి. ఆటగాడి ప్రతిభను బట్టి సాగి ముడుచుకునేది నియమం కాదు. రెండు, నేరాన్ని సూటిగా ఒప్పుకోవాలి. ‘జీవితంలో చేసిన పెద్ద పొరబాటు’ వంటి మాటల్లో నేరం తన పేరు పోగొట్టుకుంటుంది. అమాయకత్వాన్ని నమ్మేవారు అప్పీలు మార్గంలో పోరాడవచ్చు; ఆ హక్కు ఎప్పుడూ ఉండాలి. మూడు, నిర్ణయం పతకాలతో, ఆదాయంతో సంబంధం లేనివారి చేతిలో ఉండాలి, కారణాలు బహిరంగంగా చెప్పాలి. నాలుగు, బాధితురాలి పక్షం వినే ఏర్పాటు ఉండాలి.

ఈ ప్రమాణాలతో చూస్తే వాన్ డె వెల్డె 2017లో మళ్లీ బంతి పట్టుకోవడాన్ని తప్పుపట్టలేం. అతడు నేరం ఒప్పుకున్నాడు, బతకవలసి ఉంది. అతడికి ఒలింపిక్ స్థానం ఇచ్చిన తీరును మాత్రం సమర్థించలేం. మళ్లీ నేరం చేయడన్న హామీ ఇతరుల భద్రతకు సంబంధించిన ప్రశ్నకు సమాధానం. గౌరవానికి సంబంధించిన ప్రశ్నకు కాదు. రెండో ప్రశ్నను సంస్థ అడగనే లేదు. టైసన్ విషయంలో మొదటి ప్రశ్న కూడా ఎవరూ అడగలేదు.

ముగింపు

శిక్ష ముగిసినవాడిని మనుషుల్లో కలుపుకోవాలన్న విజ్ఞానేశ్వరుడి పాఠం వైపే ఈ వ్యాసం నిలుస్తుంది. లోపించిన అకారాన్ని తెచ్చి అతడిని జీవితాంతం అవ్యవహార్యుణ్ని చేయడం న్యాయం కాదు. అయితే వ్యవహార్యత ఒకటి, సింహాసనం మరొకటి. నేరస్థుడు మారాడా లేదా అన్నది మనం చాలాసార్లు తేల్చుకోలేం. అతడి మనసు అతడికే తెలుసు. మనం తేల్చుకోగలిగింది, ఎవరికి చప్పట్లు కొట్టమని మనల్ని అడుగుతున్నారు, అడుగుతున్నవారు ముందుగా ఎవరి మాట విన్నారు అన్నది. ఆ ప్రశ్న వేసే అలవాటు ప్రేక్షకుల్లోనూ సంస్థల్లోనూ పెరిగిన రోజున, తిరిగి వచ్చే క్రీడాకారుడు కూడా దాగకుండా రాగలుగుతాడు. ఎక్కడో తన పేరు చెప్పుకోలేక టీవీ చూస్తున్న ఒక స్త్రీకి, తన మాట ఎవరో విన్నారన్న ఎరుక అయినా మిగులుతుంది.